ఎవరి గింజలు, ఎవరి గాదె

ధనవంతుడు, ఒంటె, సూది బెజ్జం. ఈ మూడింట్లో మా గూడెం వాళ్లకు బాగా తెలిసింది బెజ్జమే. మా తాత ఆరె పెట్టి తోలుకు బెజ్జాలు వేసేవాడు. వారు ఈడ్చేటప్పుడు కాస్త హుషారుగా ఉంటే, "ఒంటెయినా దూరుద్దంట్రా ఇందులో, ఆసామి మాత్రం దూరడంట" అని నవ్వేవాడు. ఒంటెను మేమెవ్వరం చూసెరగం. ఆసామిని రోజూ చూసేవాళ్లం. తాత కుట్టే చెప్పులు ఆయనవే. వాటికి డబ్బులిచ్చేది లేదు. కళ్లం నాడు చూసుకుందాంలే అనేవాడు.

మాది కనిగిరి దిక్కు మెట్ట ఊరు. మా తాత చెప్పులూ కుట్టాడు, వాక్యమూ చెప్పాడు. ఒంగోలు మిషన్ కింద పల్లె బోధకుడు. మా నాయన బోధకుడు, మిషన్ బడి పంతులు. నేను గవర్నమెంటు బళ్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. అంటే మా ఇంట్లో రెండు తరాలు దేవుడి పని మీద బతికాయి. బతికాయి అంటే ఎట్లా బతికాయో చెప్పాలి. క్రైస్తవుడు డబ్బున్నవాడుగా ఉండొచ్చా, దైవసేవకుడికి ఆస్తిపాస్తులుండొచ్చా అని ఈ మధ్య స్టడీ సర్కిళ్లలో పిల్లలు గట్టిగా వాదించుకుంటున్నారు. ఒకరు ఒంటె కథ చెప్తారు, ఇంకొకరు అబ్రాహాముకు మందలు లేవా అంటారు. వేదాంతంలో ఈ తగువు తెగదు. నాకు మాత్రం ఈ ప్రశ్న వినగానే గింజల లెక్క గుర్తుకొస్తుంది. ఆ లెక్క మా ఒక్క ఇంటిది కాదు. తెలుగునాట ప్రొటెస్టెంటు క్రైస్తవం చాలా మటుకు మాల మాదిగల చరిత్రే. దాన్ని రాసినవాళ్లలో దొరలున్నారు, దొరల్ని తిట్టినవాళ్లున్నారు. గింజలు పోసినవాళ్లు రాసింది బహు తక్కువ.

అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మిషన్ పెట్టారు. పాతికేళ్లు కష్టపడ్డా కలిసినవాళ్లు కొద్దిమందే. దీన్ని మూసేద్దామా అని అమెరికాలో వాళ్ల పెద్దలు ఒకటికి రెండుసార్లు తర్జనభర్జన పడ్డారు. 1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. అదే ఏడు తాళ్లకొండపాడు మాదిగ యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగినవాడు. యోగం నేర్చినవాడు. దొరను చూడకముందే తనకు శిష్యులున్న గురువు. మాదిగలకు జ్ఞానమంటే ఏంటో దొరలొచ్చి చెప్పారని రాసేవాళ్లు పేరయ్య సంగతి ఒకసారి చదివితే మంచిది.

పేరయ్య లాంటివాళ్లు రావడం మొదలుపెట్టేసరికి ఒంగోలు పెద్దకులాల వాళ్లకు ఇబ్బంది వచ్చింది. అంతకుముందు వాళ్లే దొర దగ్గరికొచ్చి బడి కావాలన్నారు, ఆయన చెప్పేది వింటామన్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాము అని ఇప్పుడు తెగేసి చెప్పారు. ఏం చేయాలో తోచక దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయుల పత్రికలో ఒకే చోటు తగిలిందని క్లౌ దొర చెప్పుకున్నాడు. లోకం లెక్కచేయనివాళ్లనే దేవుడు ఏరుకున్నాడని పౌలు రాసిన చోటు అది. ఆ కథలో మహిమ సంగతి ఎట్లా ఉన్నా నాకు అందులో డబ్బు కనపడుతుంది. పెద్దకులాలు వెంట ఉంటే ఊళ్లో చందాలొస్తాయి, పలుకుబడి వస్తుంది, అధికారుల దగ్గర మాట చెల్లుతుంది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన ఇంగ్లీషు బడి ఆ దారినే పోయింది. పెద్దకులాల పిల్లల్ని చదివిస్తే వాళ్ల నుంచి కిందికి దిగుతుందనుకున్నారు. కిందికి దిగలేదు. అదే మిషన్‌లో రాఘవాపురం మాల పగోలు వెంకయ్య 1859లో తనంతట తాను వెతుక్కుంటూ వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనక మాలపల్లెలు కదిలాయి. ఎటు చూసినా మనవాళ్లే ముందు కదిలారు, మిషన్లు వెనక నడిచాయి.

కలిసినవాళ్లకు ఒంగోలులో పెట్టిన నియమాలు మూడు. విగ్రహాలకు మొక్కొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, ఆదివారం పని చేయొద్దు. చదువుకున్న వాళ్లు వీటిని మతం కింద చూస్తారు. మా జేజి వీటిని కూలి కింద చూసేది. చచ్చిన గొడ్డును మోసుకుపోవడం మాదిగ బాధ్యత. దాని తోలుతో ఆసామికి చెప్పులు, మోట తోలు, పగ్గాలు ఇవ్వాలి. ఆ మాంసం మన తిండి. అందుకు బదులు కళ్లంలో మేర. కొలుపు నాడు డప్పు కొడితే పిడికెడు ఎక్కువ. కొలుపు వద్దంటే డప్పు పోయింది. డప్పు పోతే మేరలో కోత పడింది. ఆదివారం పని మానేస్తే ఆసామి ఊరుకుంటాడా? బావి మూశారు, దారి మూశారు, పనికి రావొద్దన్నారు. క్రైస్తవం తీసుకుని మాదిగోళ్లు బాగుపడ్డారని ఊళ్లో అంటుంటే మా జేజికి ఒళ్లు మండేది. "బాగుపడింది తర్వాత మేయ్. ముందు ఉన్నది పోగొట్టుకున్నాం" అనేది. అందరూ నిలబడలేదు. కొందరు వెనక్కి పోయి డప్పు పట్టారు. వాళ్లనీ తప్పుపట్టేది కాదు, పిల్లల ఏడుపు విన్నోళ్లకే తెలుసనేది.

వారానికి ఒక రోజు నేను నీ పనికి రాను అని మాదిగ ఆసామికి చెప్పిన మొదటి మాట అదే. దాన్ని సమ్మె అని ఎవరూ రాయలేదు.

ఇక ధాత నామ సంవత్సరం కరువు. 1876 నుంచి 78 దాకా. మా జేజి వాళ్ల తాత ఆ కరువులో కాలవ మట్టి మోశాడు. బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్లు క్లౌ దొర కంట్రాక్టుకు తీసుకున్నాడు. బోధకుల్నే పనిమీద మేస్త్రీలుగా పెట్టాడు. వేరే కాంట్రాక్టర్ల దగ్గర మనవాళ్లను తిట్టి కొట్టి కూలిలో కోసేవాళ్లు. ఇక్కడ కూలి చేతికి వచ్చేది, పొద్దుగూకితే బోధకుడు పక్కన కూర్చుని మాట్లాడేవాడు. పేరు పెట్టి పిలిచేవాడు. కరువు సాగినంత కాలం, ఏడాదికి పైగా, దొర ఎవ్వరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం కలిశారనే మాట రాకూడదని. కాలవ పని, కరువు డబ్బు అయిపోయాయని చెప్పాకే తలుపు తీశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది మునిగారు. మునిగించింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ముంచారు. ఆ ఏడు ముగిసేసరికి లెక్క తొమ్మిది వేలు దాటింది.

అంత జాగ్రత్త పడ్డా ఆ మాట రానే వచ్చింది. బియ్యానికి కలిశారు. నూటయాభై ఏళ్ల నుంచి వింటున్నాం. రాజుల దగ్గర అగ్రహారాలు పుచ్చుకుని మంత్రాలు చదివినవాళ్లను ఎవరైనా భూమికోసం హిందువులయ్యారని అన్నారా? ఇనాములు, మడి మాన్యాలు పుచ్చుకుని దేవుణ్ణి కొలిస్తే అది భక్తి. ఆకలితో ఉన్నవాడు తనకు కూలి సరిగ్గా ఇచ్చినవాడి దేవుణ్ణి నమ్మితే అది బేరం. ధనానికీ భక్తికీ పొత్తు కుదరదనే నీతి మా దగ్గరికొచ్చేసరికే ఎందుకు గుర్తొస్తుందో నాకు చిన్నప్పటి నుంచీ అర్థం కాని విషయం. శూద్రుడు సంపాదించగలిగినా ధనం కూడబెట్టకూడదని మనుస్మృతి చెప్తుంది. శూద్రుడికే అట్లా అయితే మా సంగతి వేరే చెప్పాలా? కాబట్టి దళిత క్రైస్తవుడికి పేదరికం పుణ్యమని బోధించేవాడెవడైనా, తెల్లవాడైనా నల్లవాడైనా, ఆ బోధ ఎవరి నోటి నుంచి మొదలైందో ఒకసారి చూసుకోవాలి.

దొరలు పేదరికంలో బతకలేదు. ఎత్తయిన స్తంభాల బంగళా, గుర్రం, వంటవాడు, పంకా లాగేవాడు. కాంపౌండులో బంగళా ఒక చివర, బోధకుల ఇళ్లు ఇంకో చివర. మనవాళ్లు వరండా దాటి లోపలికి పోవడం అరుదు. దీనికి విరుగుడుగా నడిచిన మనిషీ ఉన్నాడు. ఫ్రెడరిక్ టక్కర్ అని, ఐసీయస్ ఉద్యోగం వదిలేసి సాల్వేషన్ ఆర్మీలో చేరి 1882లో బొంబాయిలో దిగాడు. కాషాయం కట్టాడు, చెప్పుల్లేకుండా నడిచాడు, అడుక్కుని తిన్నాడు. ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. ఆయన చిత్తశుద్ధి మీద నాకు అనుమానం లేదు. బంగళా దొరల కంటే ఆయనే నాకు ఇష్టం. కానీ మా తాత కూడా చెప్పుల్లేకుండానే నడిచాడు. ఊరి చెప్పులన్నీ కుట్టి, ఊళ్లో తాను చెప్పులు తొడుక్కోకూడని కులంలో పుట్టాడు. టక్కర్ విప్పిన చెప్పుల గురించి పుస్తకాలొచ్చాయి. పేదరికాన్ని కోరి తెచ్చుకుంటే త్యాగం. కోరకుండా వచ్చినవాళ్లకు ఆ మాట వర్తించదు. ఒంగోలులో కాళ్లకు బూట్లు వేసుకుని ప్రసంగానికి వచ్చిన మొదటి మాదిగ పాస్టర్ని చూసి మా గూడెంవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారని మా నాయన చెప్పేవాడు. ఆ బూట్లు ఐశ్వర్యమే. ఆ ఐశ్వర్యాన్ని నేను తప్పుపట్టలేను.

మరి సేవ ఎట్లా సాగింది? బోధకుడికి ఊళ్లో కళ్లాల్లో వచ్చే గింజలు కొంత, మూడు నెలలకోసారి ఒంగోలు కూటానికి పోతే మిషన్ ఇచ్చే డబ్బు కొంత. క్లౌ దొర కాలం నుంచీ పద్ధతి అదే. మాదిగల్లో గురువును శిష్యులు పోషించుకోవడం పాత ఆచారమే కాబట్టి అది ఎవరికీ కొత్తగా తోచలేదు. మా తాతకు వచ్చే మిషన్ డబ్బు చుట్టలకు కూడా చాలేది కాదని జేజి సణిగేది (తాత చుట్ట తాగేవాడు, ఆ సంగతి కూటంలో ఎవరికీ తెలియదు). అందుకే ఆరె, రంపె సంచిలో ఉండేవి. బైబిలూ అదే సంచిలో. పౌలు గుడారాలు కుట్టి బతికాడు, పేతురు యొప్పేలో తోళ్లు పదును చేసే సీమోను ఇంట్లో దిగాడు అని తాత ప్రతి ప్రసంగంలోనూ ఎక్కడో ఒకచోట ఇరికించేవాడు. యూదుల్లో తోళ్ల పని చేసేవాణ్ణి దూరం పెట్టేవాళ్లట. అందుకే ఆ ఇల్లు ఊరి చివర సముద్రం ఒడ్డునుంది. "పెద్ద అపొస్తలుడు మన ఇంట్లో బసచేశాడ్రా" అని చెప్తుంటే తాత గొంతు మారిపోయేది.

సంఘం చందా ఎట్లా వచ్చేదంటే, ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక చిన్న కుండ. వంటకు ఎసట్లో పోసేముందు ఆడమనిషి ఒక పిడికెడు తీసి అందులో వేస్తుంది. పిడికెడు బియ్యం అనేవాళ్లు గానీ మా మెట్టలో బియ్యమెక్కడివి, జొన్నలో, సజ్జలో, వరిగలో. ఆదివారం కుండ గుడికి పోతుంది. కోత పండక్కి గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు వస్తాయి, గుడి ముందే వేలం పాడతారు. ఈ పిడికెడు అలవాటుకు బాగా పేరొచ్చింది దోర్నకల్ డయాసిస్‌లో. అక్కడి బిషప్ అజరయ్య తిరునల్వేలి నాడార్. 1909లో మిషనరీగా నైజాం రాజ్యంలోని దోర్నకల్‌కి వచ్చాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఎద్దుబండి మీద, సైకిలు మీద మాల మాదిగ పల్లెలు తిరిగాడు. పేదవాడివి గనక నువ్వు ఇవ్వక్కర్లేదు అని ఆయన ఎవరితోనూ అనలేదు. దానికి ఆయన్ను విమర్శించినవాళ్లున్నారు, పస్తులున్నవాళ్ల దగ్గర వసూలు చేస్తాడా అని. నేను ఈ విషయంలో అజరయ్య పక్షం. పుట్టినకాడి నుంచి చెయ్యి చాచడమే నేర్పిన మనిషికి ఇచ్చే చెయ్యి ఇవ్వడం చిన్న సంగతి కాదు. మేరకు కళ్లంలో వంగి నిలబడ్డ మా జేజి, గుళ్లో కుండ వంచేటప్పుడు నిటారుగా నిలబడేది. నేను కళ్లారా చూశాను. అయితే ఆ మాటలో షరతు ఉంది. ఆ గింజలు ఎటు పోయాయో ఇచ్చినవాళ్లకు తెలియాలి. మా గుళ్లో తెలిసేది. కొలిచి, గట్టిగా చదివి, ఎవరింట్లో జ్వరాలున్నాయో అటు సగం పోయేది. మిగతా సగం మా తాతకు.

నాయన తరానికి వచ్చేసరికి విశ్వాసానికి ఇంకో ధర పడింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం వాడు కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని ఇప్పటికీ కలపలేదు. మా చుట్టాల్లో చాలామంది బళ్లో హిందూ మాదిగ, గుళ్లో సంఘ సభ్యుడు. వాళ్లను నేను ఒక్క మాట అనను. ఆసామి బావి దగ్గర మతం అడిగి నీళ్లు పోయలేదు, కులం చూసే పోయలేదు. కానీ బోధకుడు దాచుకోలేడు. ఆయన పేరే రిజిస్టరు. అందుచేత మా ఇంట్లో నలుగురు పిల్లలకు ఎస్సీ స్కాలర్‌షిప్పు లేదు. 1970లో మమ్మల్ని బీసీ-సిలో వేసి ఒక్క శాతం ఇచ్చారు. నాకు దాని కిందే సీటు వచ్చింది. మా పెద్దన్నకు అదీ అందలేదు. ఇంటర్ తప్పాక లారీ ఎక్కాడు. దేవుడి సేవకు మా నాయన ఎంత ఇచ్చాడని అడిగితే నేను మా అన్న చదువును కూడా కలిపి లెక్కేస్తాను.

బి.ఇడి. అయ్యాక కొన్నాళ్లు మెదక్‌లో ప్రైవేటు బళ్లో పాఠాలు చెప్పాను. అక్కడి కెథెడ్రల్ని మొదటిసారి చూసినప్పుడు మెడ నొప్పెట్టేదాకా పైకి చూశాను. పోస్నెట్ దొర 1914లో మొదలుపెట్టి పదేళ్లు కట్టించాడు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో అక్కడ పనిచేసినవాళ్లకు తిండి దొరికిందని ఆ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంత రాయి, ఇంత రంగుటద్దం పేదల మధ్య ఎందుకనే కోపం ఒకటి, ఊరి గుడి మెట్టెక్కనివ్వని మనిషి తన చేత్తో కట్టి, తన కాలితో నడిచి లోపలికి పోయే మందిరం అనే పొంగు ఒకటి. రెండూ ఇప్పటికీ నాలో ఉన్నాయి. వాటిని కలపడానికి నేను ప్రయత్నించలేదు.

సంఘం ఆస్తి అంటే ఏంటో నాకు తెలిసింది 1985లో. జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. ఆడపిల్లల్ని చెరిచారు. చచ్చిపోయినవాళ్లలో మోషేలున్నారు. బతికినవాళ్లు నడుచుకుంటూ చీరాల వచ్చి చర్చి ఆవరణలో పడ్డారు. అక్కడే శిబిరం. నేను ఒంగోలులో కాలేజీలో ఉన్నాను. బియ్యం, పాత బట్టలు మూటగట్టుకుని స్నేహితురాళ్లతో పోయాను. ఒక ముసలామె చెట్టుకింద కూర్చుని, "ఈడ నుంచి మనల్ని ఎవురూ లెగవమనరు గదమ్మా" అని నన్నడిగింది. ఊళ్లో భూమి వాళ్లది, పొలం వాళ్లది, పోలీసు స్టేషను వాళ్లది. అడుగు మోపడానికి మనదనే నేల జిల్లా మొత్తంలో ఎక్కడుందంటే అక్కడుంది. దళిత మహాసభ ఆ నేల మీద ఊపిరి పోసుకుంది. ఆరేళ్లకు, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది మాలల్ని నరికి చంపారు. ఆ బాధితులు తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ కాంపౌండులో తలదాచుకున్నారు. ఫకీర్ సింగ్ ఆస్తి వద్దన్నాడు. ఆయన సంఘానికి ఆ కాస్త స్థలం లేకపోయుంటే ఆ పిల్లలు వానలో ఎక్కడ పడుకునేవాళ్లు? సంఘానికి ఆస్తి ఉండకూడదని ఎవరైనా అంటే నేను ఈ రెండు కాంపౌండులూ చూపిస్తాను.

అదే చూపుతో తర్వాత జరిగింది కూడా చూడాలి. దొరలు వెళ్లిపోయారు. ఊరికి దూరంగా, ముళ్లకంపల్లో తీసుకున్న మిషన్ స్థలాలు పట్నం పెరిగేసరికి నడిబజార్లోకి వచ్చాయి. గజం ధర లక్షల్లోకి పోయింది. కమిటీలు, కోర్టు కేసులు, రెండు వర్గాలు, మూడు వర్గాలు. మా పట్నంలో ఒక కాంపౌండు గోడ పొడుగునా కొట్లు లేచాయి. లీజుకు తీసుకున్నవాళ్లెవరూ మనవాళ్లు కాదు. లీజు ఎంతో సంఘస్తులకు చెప్పినవాడు లేడు. ఒక సభలో మా నాయన లేచి, "అయ్యా, లెక్క ఒకసారి చదవండి" అన్నాడు. అంతే అన్నాడు. ఆయన్ను కూర్చోమన్నారు. పిడికెడు జొన్నలకు లెక్క చదివిన సంఘంలో ముప్ఫై కొట్ల అద్దెకు లెక్క లేదు. పాతికేళ్లు చేసిన సేవకు ఆయనకు నెలకు వచ్చిన పెన్షను, ఆ కొట్లలో ఒకదాని ఒక్క రోజు అద్దె కూడా కాదు.

ఇంకో పక్క కొత్త సేవకులు వచ్చారు. మైదానాల్లో కూటాలు, టీవీలు, పెద్ద కార్లు. వీళ్లలో మనవాళ్లూ ఉన్నారు, పెద్దకులాల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. జబ్బుపడ్డవాళ్ల మీద చేతులుంచి ఏడ్చి ప్రార్థించే ఓపిక వీళ్లకుంది, పాత సంఘాలకు అది పోయింది. జనం ఊరికే పోవడం లేదు. కానీ వీళ్ల లెక్క వేరు. ఇస్తే విత్తనం, నూరంతలు పంట, పండకపోతే నీ విశ్వాసం చాల్లేదు. మా చెల్లెలు, భర్తకు కిడ్నీలు పాడైనప్పుడు, ఒక కూటంలో కమ్మలు తీసి కానుక పెట్టెలో వేసింది. అతను పోయాడు. నీ సమర్పణలో లోపముందని చెప్పి పంపారు. విధవరాలు రెండు కాసులు వేసిన కథ ఇట్లాంటి చోట్ల తెగ చెప్తారు. ఆ కథకు ముందు మాట చెప్పరు. విధవరాళ్ల ఇళ్లు మింగి, పొడుగు ప్రార్థనలు చేసే శాస్త్రుల్ని యేసు అంతకు కాసేపటి ముందే దులిపి పెట్టాడు. ఆ వెంటనే ఆమె వచ్చి కాసులు వేసింది. రెండూ కలిపి చదివితే, ఆమెను మెచ్చుకున్నాడా, ఆమె చేత అవి వేయించుకున్న గుడిని చూసి కడుపు మండిందా అని నాకెప్పుడూ అనుమానమే.

మా నాయన ఒంటె కథ కంటే జక్కయ్య కథ ఎక్కువ చెప్పేవాడు. ధనవంతుడైన కుర్రాణ్ణి యేసు ఉన్నదంతా అమ్మేయమన్నాడు. వాడు మొహం వేలాడేసుకుని పోయాడు. జక్కయ్యను ఏమీ అడగలేదు, మీ ఇంటికి భోజనానికొస్తానన్నాడు. జక్కయ్యే లేచి నిలబడి సగం పేదలకన్నాడు, ఎవరి దగ్గరన్నా అన్యాయంగా తీసుకునుంటే నాలుగింతలు ఇస్తానన్నాడు. "సగం దానం అమ్మా, అది ఎవరైనా చేస్తారు. నాలుగింతలు బాకీ. దానికి ఎవరి దగ్గర తీసుకున్నాడో గుర్తుండాల, వాళ్లింటికి నడిచిపోవాల" అనేవాడు నాయన. మిగిలిన దాంతో జక్కయ్య ధనవంతుడుగానే ఉండుంటాడు, దాని గురించి యేసు మాట్లాడలేదు. నాకు ఒంగోలులో ఇల్లుంది, పెన్షనుంది. మా గూడెంలో ఇంకా రేకుల ఇళ్లున్నాయి. ఆ కథ నన్ను కూడా అడుగుతుంది.

ఇప్పుడు మా ఊళ్లో ఆ కథే నడుస్తోంది. మా తాత కాలపు గుడి గోడలు పగుళ్లిచ్చాయి. మా వాళ్ల చేత రెండు తరాలు జీతం చేయించుకున్న ఆసామి ఇంటి మనవడు ఒకాయన, పై ఊళ్లో కాంట్రాక్టులు చేసి బాగా సంపాదించాడు. జబ్బు చేసి బతికి, బాప్తిస్మం తీసుకున్నాడు. గుడి మొత్తం తన ఖర్చుతో కట్టిస్తానన్నాడు. నిజమైన విశ్వాసే, మా గుళ్లో చాపమీద కూర్చుంటాడు. వాళ్ల తాత బతికుంటే ఆ చాప చూసి ఏమయ్యేవాడో. సంఘ పెద్దలు సంతోషపడ్డారు. శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలో కూడా మాట్లాడుకున్నారు.

స్త్రీల సమాజం వాళ్లు మాత్రం ఒక కాయితం రాసి పెద్దల ముందు పెట్టారు. మా సమాధుల దొడ్డిలో నలభై సెంట్లు ఆ ఇంటివాళ్ల చేలో కలిసిపోయి ముప్ఫై ఏళ్లయింది. మా జేజి సమాధి ఆ గట్టు కిందే ఎక్కడో ఉంది. ముందు ఆ నలభై సెంట్లు కొలిపించి వదిలిపెట్టమనండి, గుడి సంగతి తర్వాత, అని రాశారు. కాయితం కింద సంతకాలు పదకొండు, వేలిముద్రలు ఆరు. పెద్దలు భయపడ్డారు, వచ్చే డబ్బు పోగొడతారా అని. "ఆయనకిచ్చి చదవమనండి, ఆయన బైబిలు చదివినోడేగా" అంది సమాజం పెద్ద. ఆమె ఇంట్లో ఇప్పటికీ పొయ్యి పక్కన కుండ ఉంది, గ్యాసు పొయ్యి అయినా.

ఆయన చదివాడు. ఏమీ అనలేదంట. చేను ఇప్పుడు అన్నదమ్ముల పేరుమీద ఉంది, నేనొక్కణ్ణే చెప్పలేను అన్నాడంట రెండు రోజుల తర్వాత. ఆ మరుసటి వారం తానే మండలాఫీసులో కొలతకు డబ్బు కట్టి రసీదు పంపాడు. అన్నదమ్ములు ఒప్పుకోవడం లేదు. సర్వేయరు బుధవారం వస్తానన్నాడు. గొలుసు పట్టడానికి ఇద్దరు కావాలంటే సమాజం వాళ్లు పేర్లిచ్చారు. ఇద్దరూ ఆడవాళ్లే.